పెద్దది చేసి చూసిన ఆకు

బ్రాడీపేట, గుంటూరు
జూలై 2007

దుర్గా,

ఒక ఆకును ఎదురుగా పెట్టుకుని గీస్తున్నప్పుడు మనం గీసేది ఆ ఆకునా, మనకు ముందే తెలిసిన ఆకునా? ఎమ్మెస్సీ రికార్డులు రాసిన రోజుల నుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది. ఇన్నేళ్లుగా ఆడపిల్లలకు బోటనీ చెబుతున్నాను, వాళ్ల బొమ్మల పక్కన ఎర్రసిరాతో టిక్కులు పెడుతున్నాను. జవాబు మాత్రం దొరకలేదు. ఎవరినైనా అడుగుదామంటే నీలాగే నవ్వుతారని భయం.

మొన్న నువ్వు ఫోన్ చేసి "మిరపాకులు గీసి పంపవే" అనగానే ఊఁ అనేశాను. ఫోన్లో నువ్వు మాట్లాడేస్తావు, నేను ఊకొట్టేస్తాను. హాస్టల్ గదిలోనూ అదే వరస. అందుకే ఈ ఉత్తరం. ఇందులో నువ్వు నన్ను మధ్యలో ఆపలేవు.

బెంగుళూరులో మీరు చేసే చిప్‌కీ, పర్చూరు దగ్గర మా తమ్ముడు వేయబోయే మిరపచేనుకీ సంబంధం ఏమిటో నాకు ఇంకా అర్థం కాలేదు. సుభానీ ఇన్నాళ్లూ మా పెదనాన్న కొడుకులతో కలిసి పత్తి వేశాడు. ఈ ఏడే విడిపోయి, సొంతంగా మూడెకరాలు కౌలుకు తీసుకున్నాడు. మిరప వాడికి కొత్త. ఈ పంట నిలబడితే సేద్యంలో ఉంటాడు, లేకపోతే గుంటూరు యార్డులో బస్తాలు మోయడానికి హమాలీల ముఠాలో చేరతానని పెళ్లాంతో చెప్పేశాడట. వాడు ఉత్తినే అనే రకం కాదు.

అందుకే సూటిగా అడుగుతున్నాను. మీ ఫోను వాడికి పనికొస్తుందనా, వాడు మీ ఫోనుకి పనికొస్తాడనా?

నీ
ఖుర్షిదా


బెంగుళూరు
ఆగస్టు 2007

ఏమే అనుమానాల తల్లీ,

రెండూ. చాలా? నిజం చెప్పానని ఇంకో అనుమానం మొదలుపెట్టకు.

నీకు అర్థమయ్యేట్టు చెబుతా విను. మామూలు ఫోనులో బొమ్మంటే చుక్కల గుంపు. పెద్దది చేస్తే చుక్కలు విడిపోయి, గళ్లగళ్లుగా, గోనెపట్టా మీద అచ్చేసినట్టు ఉంటుంది. మేం బొమ్మని చుక్కలుగా దాచం, గీతలుగా దాస్తాం. ఇక్కడ మొదలుపెట్టు, ఇంత వంగు, అక్కడ ఆగు, లోపల ఆకుపచ్చ నింపు. ఎంత పెద్దది చేసినా ఫోను ఆ గీతని మళ్లీ కొత్తగా గీస్తుంది. అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. ఈ పనంతా ఫోనులో ఉండే అసలు ప్రాసెసర్‌కి అప్పజెబితే నత్తలా నడిచి బ్యాటరీ తాగేస్తుంది. అందుకని గీయడానికే ఒక చిన్న చిప్ పక్కన పెట్టాం. అదే నా ఆరేళ్ల చాకిరీ.

జనవరిలో ఒక పెద్ద ఫోన్ల కంపెనీ వాళ్లకి దీన్ని చూపించాలి. అందరూ గడియారాలూ ఆటలూ చూపిస్తారు. నేను రైతుని చూపిస్తాను. చేతిలో జబ్బు ఆకు, ఫోనులో బొమ్మ, పోల్చుకుని నొక్కితే కొట్టాల్సిన మందు డబ్బా బొమ్మ. ఒక్క అక్షరం ఉండదు. చదువు రానివాళ్లకీ పనికొస్తుంది, పైగా మా ఫోనులో తెలుగు ఇంకా సరిగ్గా రావడం లేదు.

నీ అంత శుభ్రంగా గీత గీసే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. బతిమాలించుకోకు.

దుర్గ


బ్రాడీపేట, గుంటూరు
సెప్టెంబరు 2007

దుర్గా,

బొమ్మలు పంపుతున్నాను. వీటిలో రెండు ముఖ్యం. మీవాళ్లకి చదివి వినిపించు.

మిరపలో ముడత రెండు రకాలు. తామరపురుగు పడితే ఆకు అంచులు పైకి ముడుచుకుని దోనెలా అవుతుంది. అది పైముడత. కంటికి ఆననంత చిన్న నల్లి పడితే అంచులు కిందికి వంగి, బోర్లించిన పడవలా ఉంటుంది. అది కిందిముడత. దేని మందు దానిదే. నల్లి పట్టిన చేనుకి తామరపురుగు మందు కొడితే నల్లికి ఏమీ కాదు, నల్లిని తినే పురుగులు చస్తాయి, నల్లి రెట్టింపవుతుంది. అందుకే ఆకును కొన వైపు నుంచి చూసినట్టు గీశాను. కాడ కనిపించదు, వంపు ఒక్కటే కనిపిస్తుంది.

ఇక నా అనుమానం. మైక్రోస్కోపులో పెద్దది చేస్తే అంతకుముందు కనిపించనిది ఏదో కనిపిస్తుంది. మీ ఫోనులో పెద్దది చేస్తే ఉన్న గీతే ఇంకా నున్నగా కనిపిస్తుంది. కొత్తగా ఏమీ తెలియదు, కానీ తెలిసినట్టు ఉంటుంది. అంత స్పష్టంగా ఉన్నదాన్ని చూస్తే మనుషులు నమ్మేస్తారు దుర్గా. నాకు అదే బెరుకు.

ఖుర్షిదా


బెంగుళూరు
నవంబరు 2007

ఖుర్షిదా,

కొరియర్లో ఫోను వస్తుంది. సుభానీకి ఇచ్చెయ్. వాడటం చాలా తేలిక. తెరవగానే చిన్న బొమ్మలు వరసగా ఉంటాయి. నడిమి బటన్ నొక్కితే బొమ్మ పెద్దదవుతుంది. ఆకుతో పోల్చి, సరిపోతే ఇంకోసారి నొక్కాలి. అంతే.

చిన్నవాటిని చూసి వదిలేయొద్దని మరీ మరీ చెప్పు. పెద్దది చేయాలి, ఇంకా పెద్దది చేయాలి, పదిమందికీ చేసి చూపించాలి. మా గొప్పంతా అక్కడే ఉంది. చిన్న బొమ్మలదేముంది, వాటి కోసం చిప్‌ని లేపడం కూడా దండగ, ప్రాసెసరే గీసి పారేస్తుంది.

మిరపచేలో సుభానీ ఫోను పట్టుకున్న ఫోటో ఒకటి కావాలి. కొత్త చొక్కా వేసుకోవద్దను, సినిమా హీరోలా కనిపిస్తాడు.

ఈసారి అనుమానం లేకుండా ఒక్క ఉత్తరం రాయవే. చూసి తరిస్తాను.

దుర్గ


బ్రాడీపేట, గుంటూరు
జనవరి 2008

దుర్గా,

చేను బాగాలేదు.

డిసెంబరులో ఆకు ముడవడం మొదలైందట. సుభానీ ఆకు తెంపి, నువ్వు చెప్పినట్టే పెద్దది చేసి, పోల్చి, నొక్కాడు. వచ్చిన డబ్బా బొమ్మని మందుల షాపులో చూపించి, అదే మందు తెచ్చి కొట్టాడు. తగ్గలేదు. మళ్లీ కొట్టాడు. పక్క చేను యలమందయ్య గట్టు మీద నిలబడి, "ఏరా సుభానీ, ఆకుని అడగరా ఏం జబ్బో, ఫోన్నేమడుగుతావ్? అవతల ఎవరైనా ఎత్తుతున్నారా?" అని వేళాకోళం చేశాడట. వీడు ఊరుకోక, "బాబాయ్, ఇది మా అక్క గీసిన బొమ్మ. మా అక్క చదువు నీ మూడు తరాల్లో ఉందా?" అన్నాడట. నలుగురిలో అన్న మాట. ఇప్పుడు ఆ నలుగురూ వచ్చి చేను చూసి పోతున్నారు.

మొన్న ఆకులు సంచిలో వేసుకుని బస్సెక్కి వచ్చాడు. కాలేజీలో భూతద్దం కింద పెట్టాను. అడుగుభాగమంతా నల్లే. అంచులు కిందికి వంగి ఉన్నాయి. పసిపిల్లలైనా కిందిముడత అని చెబుతారు. వీడు కొట్టింది తామరపురుగు మందు.

"ఏ బొమ్మ నొక్కావురా?" అన్నాను.

"దీనిలాగే ఉన్న బొమ్మ అక్కా. చూసే నొక్కాను. నాకు కళ్లున్నాయి" అన్నాడు. ఫోను పెళ్లాం జాన్‌బీ దగ్గర వదిలేసి వచ్చాడు కాబట్టి నేను చూడలేకపోయాను.

బొమ్మలకీ డబ్బాలకీ మీరు జోడీ కలిపినప్పుడు తారుమారు అయిందా? నువ్వే స్వయంగా చూసి రాయి. నల్లి మందు కొనిచ్చి పంపాను, చివరి కాపైనా దక్కవచ్చు.

ఖుర్షిదా


బెంగుళూరు
జనవరి 2008

ప్రియమైన ఖుర్షిదా,

సుభానీ సంగతి విని బాధ వేసింది. జోడీలు చూశాను. తారుమారు కాలేదు. నువ్వు రాసి పంపినట్టే ఉన్నాయి.

ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. కాడ లేకుండా గీశావు కదా, ఏది పైనో ఏది కిందో కాగితం మీద గుర్తు లేదు. గీసేటప్పుడు నువ్వే కాగితాన్ని అటు తిప్పి పెట్టావేమో? లేదా వెనక పేర్లు రాసేటప్పుడు పొరబడ్డావేమో. నీ అసలు కాగితాలు స్కానింగుకి పోయినప్పటి నుంచీ ఎక్కడున్నాయో దొరకడం లేదు, లేకపోతే చూసి చెప్పేదాన్ని.

ఫోనులో ఏది మార్చాలన్నా ఫ్యాక్టరీ దాకా వెళ్లి రావాలి. రెండు నెలల పని. కాబట్టి తొందరపడి ఎవరికీ ఏమీ చెప్పకు. షో బాగా జరిగింది. వాళ్లకి సుభానీ ఫోటో బాగా నచ్చింది.

లక్ష్మీదుర్గ


బ్రాడీపేట, గుంటూరు
ఫిబ్రవరి 2008

లక్ష్మీదుర్గకి,

నువ్వు పూర్తి పేరుతో సంతకం పెట్టావు కాబట్టి నేనూ అలాగే మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరం వచ్చాక వారమంతా నా చేతిని నేను నమ్మలేదు. ల్యాబ్‌లో బల్ల మీద గీశాను. ఎదురుగా పిల్లలు నిలబడి చూశారు. వాళ్లకి చూపించడానికి కాగితం తిప్పానా? తిప్పినప్పుడు వెనక పేరు రాశానా? గుర్తు తెచ్చుకోబోయినకొద్దీ తిప్పినట్టే కనిపించింది. నన్ను అనుమానపెట్టడం ఎంత తేలికో నీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఆదివారం పర్చూరు వెళ్లాను. చేలో కూర్చుని ఫోను తెరిచాను. చిన్న బొమ్మల్లో కిందిముడత బోర్లించిన పడవలాగే ఉంది, నేను గీసినట్టే. నడిమి బటన్ నొక్కాను. తెర ఒక్క క్షణం నల్లబడి, ఆకు పెద్దదై వచ్చింది. దోనెలా ఉంది. వెనక్కి వచ్చాను, బోర్లా ఉంది. నొక్కాను, వెల్లకిలా ఉంది.

పక్కన కూర్చున్న జాన్‌బీ, "అదేంది వదినా, నెలల పిల్లాడిలా బోర్లా పడి మళ్లీ దొర్లుతోంది!" అని పకపకా నవ్వింది. ఆ తర్వాత మొగుడి ముఖం చూసి నవ్వు ఆపేసింది.

సుభానీ ఫోను తీసుకుని తనూ నొక్కాడు, మళ్లీ నొక్కాడు. పైముడత బొమ్మ పెద్దది చేస్తే బోర్లా పడుతోంది. వాడి చేతిలో ఆకూ అలాగే ఉంది. పోల్చి చూసే నొక్కాడు. వాడికి కళ్లున్నాయి. నువ్వు పెద్దది చేసి చూడమన్నావు, చేశాడు.

కాగితం నేను తిప్పి ఉంటే రెండూ తిరగబడేవి. చిన్నది సరిగ్గా ఉండి పెద్దది తిరగబడిందంటే తిప్పింది నేను కాదు.

నల్లి మందు వాడు వెళ్లగానే కొట్టాడు. అప్పటికే ఆలస్యమైంది. పూత రాలిపోయింది.

ఖుర్షిదా


బెంగుళూరు
ఫిబ్రవరి 2008

ఖుర్షిదా,

తప్పు మాదే. చిప్ తెరని అడుగు నుంచి పైకి లెక్కపెడుతుంది. ప్రాసెసర్ పై నుంచి కిందికి లెక్కపెడుతుంది. ఒకదాని లెక్కని రెండోదానికి ఇచ్చేటప్పుడు తిరగేసి ఇవ్వాలి. ఎవరో మరిచిపోయారు. పెద్ద బొమ్మలన్నీ చిప్ గీస్తుంది కాబట్టి అవన్నీ తలకిందులు. మందు డబ్బాది చిన్న బొమ్మే, దాన్ని ప్రాసెసరే గీస్తుంది.

ఎందుకు కనిపెట్టలేదంటావు. మేం పరీక్షకి పెట్టినవన్నీ చక్రాలు, ఆరు మొనల నక్షత్రాలు, పువ్వులు. తిరగేసినా అవే. మనిషి బొమ్మ పెట్టి ఉంటే మొదటిరోజే దొరికేది. ఒక్క అక్షరం ఉన్నా దొరికేది. నీ ఆకు ఒక్కటే తిరగబడితే తప్పులా కనిపించకుండా ఇంకో జబ్బులా కనిపించింది.

సరిచేసిన ఫోను ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. సుభానీకి నా తరఫున ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. నిన్ను పొరబడ్డావేమో అన్నందుకు క్షమించు.

నీ
దుర్గ


బ్రాడీపేట, గుంటూరు
మార్చి 2008

దుర్గా,

ఫోను అందింది. కొత్తది బానే ఉంది. చిన్నా పెద్దా రెండూ ఒక్కలాగే ఉన్నాయి. కాస్త నెమ్మదిగా గీస్తోంది.

ఏది మార్చాలన్నా రెండు నెలలు అన్నావు జనవరిలో. నా ఉత్తరం నీకు చేరిందో లేదో, సరిచేసిన ఫోను నా చేతిలో ఉంది. అంతకుముందే సిద్ధం చేసి పెట్టుకున్నావా? నీ షో అయ్యేదాకా ఆగావా? ఇలా అడగడం నాకే అసహ్యంగా ఉంది. కానీ అడగకుండా మనసులో పెట్టుకుని నీకు మామూలు ఉత్తరాలు రాయడం ఇంకా అసహ్యం.

మళ్లీ నేనే నీ తరఫున వాదిస్తున్నాను. తెలిసినదానివైతే పెద్దది చేయమని అన్నిసార్లు ఎందుకు రాస్తావు? నా తమ్ముడికే ఎందుకు పంపుతావు? పొద్దున లేస్తే ఒక వాదన, మధ్యాహ్నానికి ఇంకోటి. క్లాసులో కిరణజన్య సంయోగక్రియ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. పిల్లలు "మేడమ్, తర్వాత?" అన్నారు.

చెప్పు, తర్వాత?

ఖుర్షిదా


బెంగుళూరు
ఏప్రిల్ 2008

ఖుర్షిదా,

ఈ ఉత్తరం చాలాసార్లు చింపాను.

ఫోను అంత త్వరగా ఎలా వచ్చిందంటే, నేను చిప్‌ని సరిచేయలేదు. ఆపేశాను. ఇప్పుడు అన్నీ ప్రాసెసరే గీస్తోంది, అందుకే నెమ్మది. సాయంత్రానికి అయిపోయే పని. రెండు నెలలు పట్టేది చిప్‌ని నిజంగా సరిచేయడానికి. నేను అబద్ధం ఆడలేదు. కానీ ఆపేస్తే ఇక చూపించడానికి మా దగ్గర ఏముంటుంది? అందుకని జనవరిలో ఆ దారి నాకు తట్టలేదు. తట్టలేదనే అనుకుంటున్నాను.

ఇంకొకటి ఉంది. నువ్వు అడగలేదు, కానీ చెప్పకపోతే నిద్ర పట్టేట్టు లేదు. మా టెస్టింగ్‌లో భవ్య అని ఒకమ్మాయి ఉంది. షోకి ముందు ఒకరోజు నడవలో ఎదురై, "మేడమ్, ఆ ఆకుల బొమ్మల్లో ఏదో తేడా ఉంది, ఒకసారి చూస్తారా?" అంది. "షో అయ్యాక చూద్దాంలే" అన్నాను. ఏం తేడా అని అడగలేదు. అది నీ జనవరి ఉత్తరానికి ముందో తర్వాతో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. షో అయ్యాక ఆ అమ్మాయి మళ్లీ అనలేదు, నేనూ అడగలేదు.

నాకు తెలియదు ఖుర్షిదా. ఏం తేడానో నాకు నిజంగా తెలియదు.

చిప్ ఇప్పుడు సరి అయింది. నేనే పక్కన కూర్చుని చూశాను. వచ్చే పంటకాలానికి పత్తి ఆకులు పెడదామంటున్నారు. నువ్వు తప్ప ఎవరూ గీయవద్దని చెప్పాను. అడగడానికి నాకు ముఖం లేదు. అయినా అడుగుతున్నాను.

దుర్గ


బ్రాడీపేట, గుంటూరు
జూన్ 2008

దుర్గా,

జవాబు ఆలస్యమైంది. ఇంట్లో మనుషులు పెరిగారు.

సుభానీ కౌలు వదిలేశాడు. మా దగ్గరే ఉంటూ మిర్చి యార్డుకి పోతున్నాడు. జాన్‌బీ పుట్టింట్లో ఉంది. సాయంత్రం వాడు వస్తే వీధి మొదట్లోనే ఘాటు తెలుస్తుంది. దగ్గుతూ వచ్చి, చొక్కా బయటే విప్పి, పంపు కింద చేతులు మోచేతుల దాకా కడుక్కుంటాడు. ఊళ్లో వాళ్ల కాయ యార్డుకి వస్తే వీడే దించాల్సి వస్తోంది. యలమందయ్య బస్తాలు కూడా దించాడట. ఆయన వేళాకోళం చేయలేదట. "నెమ్మదిగా ఎత్తరా, నడుం జాగ్రత్త" అన్నాడట. అది చెప్పినప్పుడు మాత్రం సుభానీ అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

నీ ఏప్రిల్ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. దాచాలనిపించలేదు. మొత్తం విని, "దుర్గక్కకి తెలిసే ఊరుకుందంటావా?" అన్నాడు.

"తెలియదురా" అన్నాను.

"ఎవరికి తెలియదు, నీకా, ఆమెకా?"

ఉత్తరం మడతలు పెడుతూ కూర్చున్నాను. వాడే మళ్లీ, "పోనీలే అక్కా, నువ్వు గీసింది సరిగ్గానే గీశావు కదా. నాకదే చాలు" అన్నాడు. నన్ను ఓదార్చాల్సిన పని కూడా వాడి మీదే పడింది.

నువ్వు నాకు చెప్పకుండా ఉండగలిగేదానివి. భవ్య సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. చెప్పావు కాబట్టి నిన్ను నమ్మాలనిపిస్తుంది. చెప్పడానికి ఏప్రిల్ దాకా ఆగావు కాబట్టి నమ్మలేననిపిస్తుంది. ఆ అమ్మాయిని ఏం తేడా అని అడగకపోవడం పనుల హడావుడిలో జరిగిందా, లేక అడిగితే తెలిసిపోతుందని అడగలేదా? నీకే తెలియదంటున్నావు. అది నిజమే కావచ్చు. కానీ నీకే తెలియనిది నేను బయట నుంచి ఎలా తేల్చను?

పత్తి ఆకులు గీయనని రాయడానికే ఇవాళ కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. ఈ ఏడు కూడా ఎవరో ఒకరు కొత్తగా కౌలుకు తీసుకుని, ఏ జబ్బో తెలియక, చేతిలో ఆకు పట్టుకుని నిలబడతారు. నేను గీయకపోతే ఇంకెవరో గీస్తారు, వాళ్లకి అంచు ఎటు వంగాలో తెలియకపోవచ్చు. గీస్తానని రాద్దామంటే, పక్కగదిలో వాడి దగ్గు వినిపిస్తోంది.

ఊరికే మర్యాదకి ఏదో ఒకటి రాయడం నాకు చేతకాదు. నువ్వు నన్ను మోసం చేశావో లేదో నేను తేల్చుకోలేకపోయాను. బొమ్మలు గీయాలో వద్దో కూడా తేల్చుకోలేదు. మొదటిది తేలితే రెండోది తేలుతుందని ఇన్నాళ్లూ ఆగాను. ఇప్పుడు ఆ మాట మీద కూడా నాకు నమ్మకం లేదు.

ఖుర్షిదా